సిస్టర్ల బడిలో అయిదేళ్లు: మా అమ్మాయి చదివిన మిషన్ ప్రాథమిక పాఠశాల గురించి

మా అమ్మాయి ఈ ఏప్రిల్‌లో అయిదో తరగతి ముగించుకుని, గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో కతోలిక మఠకన్యలు నడిపే ప్రాథమిక పాఠశాల నుంచి బయటికి వచ్చింది. మా ఊళ్లో దాన్ని ఎవరూ బోర్డు మీద ఉన్న పేరుతో పిలవరు, సిస్టర్ల బడి అంటారు. నేనూ ఆ పేరు రాయడం లేదు, ఎందుకంటే చెప్పదలుచుకున్న వాటిలో మెప్పుతో పాటు రెండు మూడు ఫిర్యాదులు కూడా ఉన్నాయి. మేము క్రైస్తవులం కాము. ఆ బడిలో చేర్చాలనుకునే ఇరుగుపొరుగు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు రెండే: చదువు ఎలా ఉంటుంది, మతం ఎక్కిస్తారా. మొదటిది మామూలు గొంతుతో అడుగుతారు, రెండోది గొంతు తగ్గించి అడుగుతారు. కాబట్టి ముందు రెండోదానికే జవాబు చెబుతాను.

ఆ భయం ఈనాటిది కాదు. మచిలీపట్నంలో 1843లో ఇంగ్లండు మిషనరీ రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి పెట్టినప్పుడు అందులో చేరినవారు పెద్ద కులాల పిల్లలు. 1852లో వారిలో ఇద్దరు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు మిగిలిన పిల్లలను మాన్పించేయడంతో బడి దాదాపు ఖాళీ అయింది. అయినా ఆ బడి మూతపడలేదు, పిల్లలు మళ్లీ వచ్చారు, తరువాత అది కళాశాల కూడా అయింది. మన జిల్లాల్లో మిషన్ బడి అంటే మొదటి నుంచీ ఇదే వరస: అనుమానిస్తూనే చేర్చడం, చేర్చాక అక్కడి చదువును మెచ్చుకోవడం.

ఇప్పుడు పరిస్థితిని రాజ్యాంగమే స్పష్టం చేసింది. మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కును 30వ అధికరణం ఇస్తే, ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ పొందిన ఏ బడిలోనైనా మతబోధలో పాల్గొనమని ఎవరినీ బలవంతం చేయరాదనీ, మైనరు విషయంలో సంరక్షకుల సమ్మతి ఉండాలనీ 28వ అధికరణంలోని మూడో ఖండం చెబుతుంది. మా అమ్మాయి చేరిక పత్రం మూడో పేజీలో, బస్సు రూటుకూ రక్తం గ్రూపుకూ మధ్య, ఉదయం ప్రార్థనకు సమ్మతి తెలిపే ఒక గడి ఉంది. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెడతారు, నేనూ అలాగే పెట్టాను. తరువాత విచారిస్తే, ఆ గడిలో వద్దని రాసిన పిల్లలు కూడా వరుసలోనే నిలబడతారనీ, చేతులు కట్టుకుని ఊరుకుంటే చాలనీ తెలిసింది. అలా ఊరుకునే పిల్లలు మా అమ్మాయి తరగతిలో ఇద్దరు ఉండేవారు. వారిని ఎవరూ ఏమీ అనగా నేను వినలేదు.

ఉదయం అసెంబ్లీ పావుగంట ఉంటుంది. ముందు ప్రభువు నేర్పిన ప్రార్థన, తరువాత ఒక చిన్న వాక్యపఠనం, వార్తలు, ప్రతిజ్ఞ, జాతీయ గీతం. ఆ ప్రతిజ్ఞను 1962లో రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు తెలుగువారేనన్న సంగతి మా అమ్మాయికి చెప్పినది ఈ బడే. ప్రార్థన ఇంగ్లీషులోనే ఉంటుంది, ఒక్క శుక్రవారం మాత్రం తెలుగులో చెప్పిస్తారు. ఒకటో తరగతిలో ఇంటికి వచ్చి ఇంగ్లీషు ప్రార్థన అప్పజెప్పి, వాళ్ల నానమ్మ అడిగితే తనకు తోచినట్టు అర్థం చెప్పింది: "మాకు రోజూ రొట్టె ఇవ్వమని దేవుణ్ని అడుగుతున్నాం నానమ్మా." మా అత్తగారు కాసేపు ఆలోచించి, "అడిగేదేదో అన్నమే అడగొచ్చు కదే" అన్నారు. శుక్రవారం తెలుగు ప్రార్థనలో మా అన్నము అన్న మాట వచ్చాక గానీ ఆవిడకు తృప్తి కలగలేదు. ఆ రెండు ప్రార్థనలూ, ఇంట్లో నేర్చుకున్న శుక్లాంబరధరమూ మా అమ్మాయి ఒకే గుక్కలో చెప్పేది. మతం ఎక్కిందా అంటే, అయిదేళ్లలో నాకు కనిపించినది అంతే.

అయితే ఒక విభజన ఉంది, దాన్ని చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. వారానికి రెండు పీరియడ్లు కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, పిల్లల మాటల్లో కాటకిజం క్లాసుకు, గుడి పక్క గదికి వెళతారు. మిగిలిన పిల్లలు అదే సమయంలో తరగతి గదిలో మోరల్ సైన్స్ చదువుతారు. బైబిలు పరీక్ష వారికి, నీతి పరీక్ష వీరికి. ఈ ఏర్పాటు న్యాయమైనదే, రాజ్యాంగం కోరేదీ ఇలాంటిదే. కానీ ఆరేళ్ల పిల్లలను వారానికి రెండుసార్లు మతం ప్రకారం రెండు గదులుగా విడదీయడం నాకు ఎప్పుడూ అంతగా రుచించలేదు. ఎవరు ఏ గదికి వెళతారో పిల్లలకు కంఠతా వస్తుంది.

మోరల్ సైన్స్ పుస్తకం గురించి నా అభిప్రాయం మంచిది కాదు. నిజం చెప్పడం, పెద్దల మాట వినడం, పంచుకోవడం, శుభ్రత, కృతజ్ఞత, ఇలా పాఠానికొక విలువ. పాఠం చివర ఖాళీలు పూరించుట. మనం ఎల్లప్పుడూ నిజమే డాష్ అని ఉంటే, ఆ డాష్‌లో చెప్పాలి అని రాయడానికి నిజాయితీతో పనిలేదు, జ్ఞాపకశక్తి చాలు. రెండో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో మా అమ్మాయికి ఈ సబ్జెక్టులో 50కి 48 వచ్చాయి. పోయిన రెండు మార్కులు ఒబీడియన్స్ అన్న మాటలో అక్షరం తప్పినందుకు పోయాయి. విధేయత ఉన్నా స్పెల్లింగు లేకపోతే మార్కులు రావని ఆ పిల్లకు అర్థమైంది. ఈ పని మన శతకాలు ఇంతకంటే బాగా చేస్తాయి. అదే బడిలో తెలుగు పీరియడులో వేమన పద్యం చెప్పినప్పుడు ఏ డాష్‌లూ లేకుండానే పిల్లలకు విషయం పట్టుబడేది.

కానీ ఈ బడి విలువలు ఆ పుస్తకంలో లేవు. ప్రగతి పత్రం వెనుక వైపు నిజాయితీ, సహకారం, పరిశుభ్రత, సమయపాలన అని గళ్లు గీసి, వాటికి అక్షరాల గ్రేడులు ఇస్తారు. మూడో తరగతిలో ఒకసారి నిజాయితీకి బి వచ్చింది. అన్ని సబ్జెక్టుల్లోనూ ఏ వచ్చిన పిల్లకు నిజాయితీలో బి రావడం ఇంట్లో ఎంత గొడవ అయిందో చెప్పనక్కరలేదు. తరగతి టీచరును కలిస్తే ఆవిడ రికార్డు తీసి చూపించారు. డిక్టేషను నోటు పుస్తకాలు పిల్లలు ఒకరివి ఒకరు మార్చుకుని దిద్దుతారు. మా అమ్మాయి తన స్నేహితురాలి పుస్తకంలో రెండు తప్పులు చూసి కూడా రైటు పెట్టింది. మరునాడు టీచరు అడిగితే ఒప్పుకుంది. "ఒప్పుకుంది కదండీ, మరి బి ఎందుకు?" అన్నాను. "ఒప్పుకుంది కాబట్టే బి అండీ, లేకపోతే సి వేసేదాన్ని" అన్నారు ఆవిడ, ఏ మాత్రం నవ్వకుండా. నిజాయితీకి గ్రేడు వేయడం సబబా అన్న నా సందేహం ఇప్పటికీ తీరలేదు గానీ, ఎనిమిదేళ్ల పిల్ల చేసిన చిన్న పక్షపాతాన్ని పట్టించుకుని, రాసిపెట్టుకుని, నాలుగు నెలల తరువాత తల్లికి కారణం చెప్పగలిగిన టీచరును నేను మరో బడిలో చూడలేదు.

ఇంకొకటి పిడికెడు బియ్యం. మన క్రైస్తవ కుటుంబాల్లో అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి గుడి కోసం వేరే డబ్బాలో వేయడం పాత అలవాటు. ఈస్టరుకు ముందు వచ్చే 40 రోజుల తపస్సు కాలంలో ఈ బడి దాన్నే పిల్లల చేత చేయిస్తుంది: ప్రతి శుక్రవారం ఒక్కొక్కరు ఒక పిడికెడు బియ్యం చిన్న సంచిలో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టిన డ్రమ్ములో పోయాలి, ఆ బియ్యం వృద్ధాశ్రమానికి వెళుతుంది. మొదటి శుక్రవారం మా అత్తగారు తన చేతితో రెండు గుప్పిళ్లు పోసి సంచి కట్టబోతే, మా అమ్మాయి విప్పేసి బియ్యమంతా తిరిగి డబ్బాలో పోసి, తన చిన్న చేతితో ఒక్క పిడికెడు కొలిచి కట్టుకుంది. ఎవరి పిడికెడు వారిదే ఉండాలని మిస్ చెప్పారట, ఎక్కువ తెచ్చినవాళ్లు గొప్పవాళ్లు కాకూడదట. ఆ డ్రమ్ములో పిల్లలందరి బియ్యం, సన్నాలూ రేషను బియ్యమూ కలిసిపోయి ఉండడం నేను చూశాను. నాకు ఈ బడి మీద గౌరవం కలిగినది ఆ రోజు. దీనికి పరీక్ష లేదు, గ్రేడు లేదు.

మధ్యాహ్న భోజనం దగ్గర కూడా ఇలాంటిదే ఒక పద్ధతి ఉంది. పొడుగాటి బల్లల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలో ప్రతి సోమవారం చీటీలు తీసి మారుస్తారు, స్నేహితులు ఒకచోట గుంపు కట్టడానికి వీలులేదు. ఈ జిల్లాల్లో మిషన్ బడుల చరిత్ర తెలిసినవారికి ఈ బల్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన నాటి నుంచి, మరెక్కడా గడప తొక్కనివ్వని మాల, మాదిగ పిల్లలకు చాలా ఊళ్లలో మొదటి పలక ఇచ్చినవి మిషన్ బడులే. గుర్రం జాషువా వంటి కవి గుంటూరులో లూథరన్ మిషన్ వారి బడిలో పంతులుగా పనిచేశారు. నాలుగో తరగతిలో తెలుగు టీచరు బైబిల్లోని మంచి సమరయుడి కథ, దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ని ఒక సమరయుడు ఆదుకున్న కథ, చెబుతుండగా ఒక పిల్లవాడు సమరయుడంటే ఎవరని అడిగాడట. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడు మామూలుగా అయితే తన అరుగు ఎక్కనివ్వని మనిషి అని ఆవిడ జవాబు. కథ మొత్తం ఆ ఒక్క వాక్యంతో మా అమ్మాయికి తెలిసిపోయింది, ఇంటికి వచ్చి మా అరుగు మీదికి ఎవరెవరు ఎక్కరని వాళ్ల నానమ్మను అడిగింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవారు లేరు.

ఇక చదువు. బడిది రాష్ట్ర సిలబస్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21 నుంచి ఇస్తున్న పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే జంట పుస్తకాలు. గణితానికి, మూడో తరగతి నుంచి వచ్చే పరిసరాల విజ్ఞానానికి వాటినే వాడతారు. ఇంగ్లీషుకు మాత్రం అదనంగా ఒక ప్రైవేటు ప్రచురణ రీడరు, నాలుగు గీతల కాపీ పుస్తకం ఉంటాయి. చదివించడంలో ఈ బడిని మించినది మా ఊళ్లో లేదని ధైర్యంగా చెబుతాను. అక్షరాల శబ్దాలతో మొదలుపెట్టి, రెండో తరగతి చివరికి పిల్లలు కొత్త పేరా చూసి పైకి చదవగలిగేలా చేస్తారు. తరగతి గదిలో తాడు కట్టి దాని మీద పల్చటి కథల పుస్తకాలు వేలాడదీస్తారు. శుక్రవారం ఒకటి తీసుకుని సోమవారం తెచ్చి, కథ రెండు వాక్యాల్లో చెప్పి తిరిగి తాడు మీద వేయాలి. రాత చక్కగా ఉంటుంది, పాట ఇంకా చక్కగా ఉంటుంది. హార్మోనియం వాయించే ఒక పెద్దాయన వారానికొకసారి వచ్చి స్వరాలు నేర్పిస్తారు.

గణితం ఎక్కాల దగ్గరే ఆగిపోతుంది. ఇరవయ్యో ఎక్కం వరకు గడగడా చెప్పే పిల్ల, కిలో 64 రూపాయల కందిపప్పు ముప్పావు కిలో ఎంతవుతుందంటే నా ముఖం చూసేది. పరిసరాల విజ్ఞానంలో బడి తోటలో పాదులు తవ్వించడం బాగుంది గానీ, ప్రాజెక్టు పేరుతో వచ్చే థర్మోకోల్ ఇళ్లు, అగ్నిపర్వతాలు చేసేది తల్లిదండ్రులే, లాభపడేది స్టేషనరీ కొట్టువాడే. రెండో తరగతి వరకు ఇంటిపని ఇవ్వకూడదని 2020 నాటి జాతీయ స్కూలు బ్యాగు విధానం చెబుతోంది; ఇక్కడ ఒకటో తరగతి నుంచే రోజుకు రెండు పేజీల కాపీ ఉంటుంది. తరగతిలో 46 మంది. విద్యా హక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక టీచరు ఉండాలంటుంది. సుప్రీంకోర్టు 2014 తీర్పు ప్రకారం ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదు కాబట్టి అడిగే దారి లేదు. వెనక బల్లలో కూర్చున్న పిల్లకు టీచరు గొంతు అందకపోవడానికి మాత్రం ఏ తీర్పూ అడ్డు రాదు. బెత్తం లేదు. అయిదేళ్లలో ఒక్క దెబ్బ గురించి వినలేదు.

నా పెద్ద ఫిర్యాదు తెలుగు విషయంలో. మూడో తరగతి నుంచి బడి ఆవరణలో తెలుగు మాట్లాడిన పిల్లల పేర్లు క్లాసు లీడరు బోర్డు మూలన రాస్తాడు, మూడుసార్లు పేరెక్కితే శుక్రవారం ఆటల పీరియడు పోతుంది. నీళ్లు తాగడానికి వెళతాననీ, కడుపులో నొప్పిగా ఉందనీ అమ్మభాషలో చెప్పుకోవడం తప్పుల జాబితాలోకి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. ఈ ఒక్క చోటే కాదు, మన రాష్ట్రంలో ఇంగ్లీషు మీడియం అని చెప్పుకునే ప్రతి రెండో బడిలో ఇది ఏదో రూపంలో ఉంది. కానీ మిషన్ బడిలో అది మరింత ఎబ్బెట్టుగా తోస్తుంది. ఈ నేలకు వచ్చిన మిషనరీలు, ఏ శాఖవారైనా, మొదట చేసిన పని తెలుగు నేర్చుకోవడం; ఎక్కడో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో ఉన్న మిషనరీ విలియం కేరీ కూడా 1814లోనే తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. వారు చెమటోడ్చి నేర్చుకున్న భాషను, పుట్టుకతో వచ్చిన పిల్లలు మాట్లాడితే ఆట మాన్పించడం ఏ విలువ కిందికి వస్తుంది? రెండుసార్లు ఉత్తరం రాశాను. నియమం మారలేదు, లీడరు మాత్రం కాస్త మెతకపడ్డాడు.

రెండో ఫిర్యాదు గోరింటాకు. మూడో తరగతి ఆషాఢ మాసంలో ఎర్రగా పండిన చేతులతో వెళ్లిన మా అమ్మాయిని ఒక టీచరు అందరి ముందూ నిలబెట్టి చేతులు చూపించమన్నారు. నేను నియమావళి పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ దగ్గరికి వెళ్లాను. అందులో చేతులకు అలంకారాలు నిషిద్ధం అని ఉన్నమాట నిజమే. ఆవిడ చదివి, అది గోళ్ల రంగు కోసం పెట్టిన నియమమనీ, గోరింటాకు చిన్నప్పుడు తమ ఇంట్లోనూ రుబ్బేవారనీ చెప్పారు. సిస్టర్ అంటే ఎక్కడి నుంచో దిగివచ్చిన మనిషి అనుకునే మనకు, ఆవిడా కృష్ణా జిల్లా పల్లెటూరి ఆడపిల్లే అన్న సంగతి తట్టదు. మరుసటి ఆషాఢంలో ఎవరూ ఏమీ అనలేదు. తరగతిలో నిలబెట్టిన పిల్లకు మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు; క్షమించమని అడగడం గురించి మోరల్ సైన్స్‌లో ఒక పాఠం ఉంది. బొట్టుకు, పూలకు, గాజులకు ఎన్నడూ అభ్యంతరం రాలేదు.

డిసెంబరులో, పండుగకు ముందే జరుపుకునే సెమి క్రిస్మస్ ఘనంగా చేస్తారు. పశువుల పాక నాటికలో మా అమ్మాయి వరుసగా మూడేళ్లు గొర్రెగా ఉండి, నాలుగో ఏట నక్షత్రంగా పదోన్నతి పొందింది. సంక్రాంతి సెలవులకు ముందురోజు అదే ఆవరణలో ముగ్గుల పోటీ ఉంటుంది, న్యాయనిర్ణేతలు సిస్టర్లే.

ఫీజు మా ఊళ్లోని కార్పొరేట్ బడుల ప్రైమరీ ఫీజులో సగం కంటే తక్కువ, దాన్ని మూడు విడతల్లో కట్టవచ్చు. విద్యా హక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు ఇక్కడ దొరుకుతాయా అని చాలామంది అడుగుతారు. పైన చెప్పిన తీర్పు వల్ల దొరకవు. సీట్లలో మొదట కతోలిక కుటుంబాలకు, తరువాత చదువుతున్న పిల్లల తోబుట్టువులకు ఇచ్చి, మిగిలినవి దరఖాస్తుల వరుసలో ఇస్తారు. కాబట్టి ఫిబ్రవరిలోనే వెళ్లాలి. వెళ్లినప్పుడు భవనం చూడడం మానేసి టైంటేబులు అడగండి. తెలుగుకు వారానికి ఎన్ని పీరియడ్లో, తరగతికి ఎందరు పిల్లలో, సమ్మతి గడిలో వద్దని రాస్తే ఏమవుతుందో నోటితో కాక కాగితం మీద చెప్పమనండి. పరీక్షల ర్యాంకులు కావాలనుకునేవారికి ఈ బడి నిరాశ కలిగిస్తుంది, ఒకటి రెండు స్థానాల ప్రకటనే ఉండదు.

మా అబ్బాయి వచ్చే ఏడాది ఒకటో తరగతిలో చేరాలి. తోబుట్టువు కోటాలో దరఖాస్తు తెచ్చుకున్నాను. ఈసారి మూడో పేజీ చదివి, ప్రార్థనకు సమ్మతి గడిలో అవునని రాశాను. దాని కింద ఖాళీగా ఉన్న చోట, బాబు బడిలో తెలుగు మాట్లాడితే ఆటల పీరియడు తీసేయడానికి మాత్రం మా సమ్మతి లేదని, తెలుగులోనే, రాసి సంతకం పెట్టాను. కౌంటరు దగ్గర కాగితం తీసుకున్న సిస్టర్ దాన్ని చదివి, ఏమీ అనకుండా ముద్ర వేసి రసీదు ఇచ్చారు.